గాలి చెరువులు

మూడో సెమిస్టరు, 9వ రోజు

డ్యూటీల జాబితా పొద్దున్నే మెస్ గోడ మీద అంటించారు. నేను అబ్జర్వేటరీ అడిగాను. అది కాకపోతే లైబ్రరీ అన్నాను. మూడో గడి ఖాళీగా వదిలేశాను, అంతదాకా రాదులే అనుకుని. ఇప్పుడు జాబితాలో ఇలా ఉంది: తిరుమాని అలివేణి, గాలి చెరువులు, గోడల పాచి గీకుడు.

నా గదిలో ఉండే సారాంగెరెల్ మంగోలియా అమ్మాయి, ఫార్మసీ చదువుతోంది. అంత పేరు పలకలేక సారా అంటాను. ఇక్కడ అందరి చెవుల్లోనూ అనువాదం పూస ఉంటుంది, ఎవరి భాషలో వాళ్ళం మాట్లాడుకుంటాం. సారా ఎంత గలగలా వాగినా నా పూస మాత్రం దాన్ని పాఠ్యపుస్తకంలా చదివి వినిపిస్తుంది.

"ఎందుకు విచారిస్తున్నావు? చెరువుల వద్ద వెచ్చగా ఉంటుందని అందరూ చెబుతున్నారు కదా," అంది.

వెచ్చగానే ఉంటుంది. నాకు తెలుసు. అది ఆమెకు చెప్పలేదు.

మొగల్తూరు దగ్గర మా రత్నం పిన్నికి రొయ్యల చెరువులున్నాయి. నన్ను పెంచింది ఆవిడే. చిన్నతనమంతా నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్ల మోతలో, మేత వాసనలో గడిచింది. స్కూల్లో నన్ను రొయ్య అని పిలిచేవాళ్ళు. ఏడో తరగతిలో ఒట్టు పెట్టుకున్నాను, చెరువన్నది కంటికి కనపడని చోటికి పోయి చదువుకుంటానని. అందుకే మంచు తవ్వకం ఇంజనీరింగు. అందుకే చంద్రుడి దక్షిణపు కొసన ఉన్న ఈ కాలేజీ. మూడు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు వచ్చి, చివరికి చేతిలో పాచి గీకే బ్రష్షుతో నిలబడ్డాను.

11వ రోజు

చెరువులు ఆరు. ఒక్కొక్కటి మా హాస్టల్ వరండా అంత పొడవు, నీళ్ళు తొడల దాకా. పైకప్పుకి వరసలుగా దీపాలు. పదహారు గంటలు వెలుగుతాయి, ఎనిమిది గంటలు ఆరిపోతాయి. నీళ్ళ నిండా కంటికి ఆనని పచ్చ నాచు. ఆ నాచు వదిలే గాలినే ఈ ఊళ్ళో ఉన్న పదకొండు వందల నలభై మందీ పీలుస్తారు. ప్రతి చెరువుకీ ఒక చివర పెద్ద చక్రం తిరుగుతూ నీళ్ళను కదుపుతూ ఉంటుంది.

చెరువుల పెద్ద పేరు కిరోగా. చిలీ దేశస్థుడు, అరవై దాటాయి. వీటిని కట్టించింది ఆయనే. మా పదిమందినీ గట్టు మీద నిలబెట్టి, గొంతు పెంచకుండా చెప్పాడు.

"నీటిలోకి ఎవరూ దిగకూడదు. మీ చర్మం మీద ఉన్న ఒక్క క్రిమి చాలు, చెరువు మొత్తం చెడిపోవడానికి. గోడలు గట్టు మీద నుంచే గీకండి. నీరు ఎలా ఉందో తెర చెబుతుంది. మీరు చెప్పనవసరం లేదు."

తెర మీద ఆరు అంకెలు, ఆరూ పచ్చరంగులో ఉన్నాయి. మూడు గంటలు గీకాను. నేను చెప్పకుండానే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పక్కనున్న అమ్మాయి ఈ పని ఇంతకుముందు చేశావా అని అడిగింది. లేదన్నాను.

16వ రోజు

ఆదివారం. దోసెలు వేద్దామని కూర్చున్నాం. పిండి పెనం మీద పడ్డాక వ్యాపించడానికి బద్ధకిస్తుంది. బరువు ఆరో వంతే కదా, గరిటెతో బుజ్జగించి తిప్పాలి. తిరగేసేటప్పుడు మణికట్టు కొంచెం ఊపు ఎక్కువైతే దోసె పైకి లేచి, తీరిగ్గా ఆలోచించుకుని కిందికి దిగుతుంది. సారా దాన్ని ప్లేటుతో పట్టుకోవడంలో ఆరితేరింది.

సారా దగ్గర వాళ్ళ నాయనమ్మ ఇచ్చిన తోడు ఉంది. చిన్న సీసాలో పెట్టి భూమి నుంచి తెచ్చుకుంది. వారానికి రెండుసార్లు పాలపొడి కలిపి పెరుగు వేస్తుంది. సగం నాది. బదులుగా నా కందిపొడిలో సగం తనది. ఈ ఒప్పందం మీదే మా సంసారం నడుస్తోంది.

మధ్యాహ్నం డ్యూటీలో నాలుగో చెరువు గోడ గీకుతుంటే, చక్రానికి దూరంగా ఉన్న మూల దగ్గర ఒక వాసన తగిలింది. రెండు క్షణాలే. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. తెర వైపు చూశాను. పచ్చగానే ఉంది. బ్రష్షు కడుక్కుని గదికి పోయాను.

18వ రోజు

ఈ రోజు అదే మూలలో నురగ. అరచేయంత ముద్ద. చక్రం దగ్గర వచ్చే నురగ పుట్టగానే పగిలిపోతుంది. ఇది వేలితో పొడిస్తే సాగింది. నీళ్ళ రంగు కూడా ముదిరింది, బచ్చలాకు ఉడికించినట్టు.

కిరోగాకి చెప్పాను. ఆయన విసుక్కోలేదు. తెర దగ్గరికి తీసుకెళ్ళి నెల రోజుల అంకెలు చూపించాడు.

"ఇక్కడ చచ్చిన నాచు అడుగుకి దిగదు. దానికి బరువు లేదు. చక్రం దాన్ని తోసుకుంటూ పోయి జల్లెడలో పడేస్తుంది. పదకొండేళ్ళుగా ఇలాగే జరుగుతోంది," అన్నాడు.

"చక్రం ఎప్పుడూ ఇంత నెమ్మదిగానే తిరిగేదా?"

ఆయన తెర వైపు తిరిగాడు. "గత సెమిస్టరులో నాలుగో వంతు తగ్గించాం. కొత్త హాస్టల్ వేడికి విద్యుత్తు కావలసి వచ్చింది. దాని వల్ల తేడా లేదు. అంకెలు చూశారు కదా."

సాయంత్రం పిన్నికి ఫోన్ చేశాను. మాటకీ మాటకీ మధ్య మూడు సెకన్లు పడుతుంది. ఏడాది దాటినా పిన్నికి అది అలవాటు కాలేదు, నా జవాబు వచ్చేలోపు ఇంకో ప్రశ్న వేసేస్తుంది. అన్నం, జలుబు, పరీక్షలు అయ్యాక అడిగాను.

"పిన్నీ, నీళ్ళ సంగతి ఒకటి అడగాలి."

ఈసారి మూడు సెకన్లు దాటినా మాట రాలేదు. నా అంతట నేను చెరువు గురించి ఎప్పుడూ అడగలేదు.

"నీళ్ళా? నువ్వా?" అంది చివరికి.

"మూలన నురగ వస్తోంది. పగలట్లేదు, సాగుతోంది. కుళ్ళిన గుడ్డు వాసన, కొంచెమే."

"అడుగున చెయ్యెట్టి చూసేవా?"

"నీళ్ళలో దిగకూడదంట."

"దిగకుండా చెరువెలా చూత్తారే? మిషన్ ఎక్కడెట్టేరు?"

"చక్రం పక్కన."

"అక్కడెప్పుడూ బానే చూపిత్తాది. నీళ్ళు కదిలే చోటది. నువ్వు మూలకెళ్ళు. లైట్లు ఎలిగే ముందెళ్ళు, అప్పుడే నిజం తెలుత్తాది. డీవో రెండు కన్నా కింద ఉందనుకో, ఆ చెరువు నాలుగైదు రోజుల్లో పడిపోద్ది. మరి మీరందరూ ఆ గాలే పీల్చేది?"

"అవును పిన్నీ."

"అయితే రేపే ఎళ్ళు."

డీవో అంటే నీళ్ళలో కరిగిన ప్రాణవాయువు. మా ఊళ్ళో ఐదో తరగతి పిల్లలకి కూడా ఆ మాట తెలుసు.

20వ రోజు

మంచు ల్యాబ్ నుంచి చేతి మీటరు అడిగి తెచ్చుకున్నాను. దేనికని అడిగితే ప్రాక్టికల్ అన్నాను. దీపాలు వెలిగేందుకు అరగంట ముందు సారా, నేను చెరువుల హాలుకి వెళ్ళాం. సారా గట్టు మీద కాగితం పట్టుకుని నిలబడింది. నేను కాళ్ళు మందుసబ్బుతో రుద్దుకుని నాలుగో చెరువులోకి దిగాను.

చక్రం దగ్గర 7.8. తెర చెప్పింది కూడా అదే. అవతలి మూలకి నడిచాను. నడుస్తున్నకొద్దీ అడుగు మెత్తబడింది. అక్కడ 1.3. రెండో మూలన 1.1. వంగి అడుగున చెయ్యి పెడితే మోచేతి దాకా దిగిపోయింది. పైకి తీస్తే నల్లటి జిగురు. కిందికి దిగదు అన్న నాచు ఇక్కడ మూరెడు మందాన దిగి కూర్చుని ఉంది. ఐదో చెరువు మూలన 2.6. ఆరు చెరువుల నీళ్ళూ గొట్టాలతో కలిసే ఉంటాయి.

"నీ ముఖం తెల్లబోయింది," అంది సారా.

ఇంతలో దీపాలు వెలిగాయి. గట్టు మీద కిరోగా ఉన్నాడు.

కాగితం ఇచ్చాను. చదివాడు. మీటరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది కరిగిన మంచును కొలిచే పరికరం. నాచు నీటిలో దీని మాట నమ్మలేం," అన్నాడు. "మీరు నీటిలో దిగారు. పదకొండేళ్ళలో ఎవరూ ఆ పని చేయలేదు."

"సార్, చెయ్యి పెట్టి చూడండి. ఒక్కసారి."

"రేపటి నుంచి మీరు ఇక్కడికి రావద్దు."

గట్టిగా అని ఉంటే తిరిగి ఏదో అనేదాన్ని. మెల్లగా అన్నాడు. నల్లటి చేత్తో హాస్టల్ దాకా నడిచాను. దారిలో ఎవరూ లిఫ్టులో నా పక్కన నిలబడలేదు.

22వ రోజు

లాండ్రీ డ్యూటీ. మేజోళ్ళు జతలు కలపడం. పదకొండు వందల నలభై మందికి పదకొండు వందల నలభై జతలు ఉండాలి కదా. ఉండవు.

24వ రోజు

నాలుగో చెరువు పడిపోయింది.

మొదటి పీరియడ్ జరుగుతుండగా సైరన్ మోగింది. పొద్దున పచ్చగా ఉన్న నీళ్ళు భోజనాల వేళకి పప్పుచారు రంగుకి తిరిగాయి. నాచంతా ఒక్కసారిగా చచ్చిపోయింది. చక్రం దగ్గరి అంకె కూడా ఎర్రబడింది. ఐదో చెరువు పసుపు రంగులోకి వచ్చింది.

సాయంత్రం ఊరి కౌన్సిల్ ప్రకటన చదివింది. చెరువులన్నీ ఆగిపోతే మంచు నుంచి తీసే గాలి తొమ్మిది వందల ముప్పై మందికి మించి సరిపోదు. పరుగు హాలు మూసేశారు, ఎవరూ ఆయాసపడే పని చేయకూడదు. ముందుజాగ్రత్తగా రెండో సంవత్సరం విద్యార్థులను 35వ రోజు వచ్చే ఓడలో భూమికి పంపేస్తారు. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో చెప్పలేరు.

రెండు వందల పన్నెండు పేర్లు. సారా నూట తొంభై. నేను రెండు వందల ఏడు.

సారా మంచం మీద కూర్చుంది. వాళ్ళ వంశంలో కాలేజీకి వచ్చిన మొదటి మనిషి తను. "నేను తిరిగి వెళితే మా చెల్లెలిని పంపరు," అంది. పూస దాన్ని ఎప్పటిలాగే చక్కగా చదివింది. ఆమె గొంతు మాత్రం చక్కగా లేదు.

25వ రోజు

లాండ్రీలో ఉన్నాను. తల ఎత్తేసరికి ఎదురుగా కిరోగా. ప్యాంటు తొడల దాకా తడిసి ఉంది. కుడి చెయ్యి మోచేతి దాకా నల్లగా ఉంది.

జేబులోంచి రెండు కాగితాలు తీసి మేజోళ్ళ గుట్ట మీద పక్కపక్కనే పెట్టాడు. ఒకటి సారా రాసింది. ఇంకోటి ఆయన రాసింది.

"ఈ పొద్దున నా సొంత మీటరుతో ఆరు చెరువులూ కొలిచాను. ప్రతి మూలా కొలిచాను. మీరు కొలిచిన మూలల్లో అంకెలు మీవాటికన్నా కిందికే దిగాయి. మీ మీటరు తప్పు చెప్పలేదు," అన్నాడు. "ఐదు రోజుల ముందే మీరు నాకు చెప్పారు. నేను వినలేదు. ఆ మాట కౌన్సిల్ ముందు కూడా చెప్పి వచ్చాను."

చేతిలో ఉన్న మేజోడు మడతపెట్టాను.

"ఇది మీకు ఎవరు నేర్పారు?"

ఏడాదిగా దాచుకున్న సంగతి చాలా తేలిగ్గా బయటికి వచ్చేసింది. "మా పిన్ని. రొయ్యల చెరువులు చూస్తుంది. నేను అక్కడే పెరిగాను."

"ఆవిడతో మాట్లాడాలి," అన్నాడు.

26వ రోజు

మాట్లాడించాను. ఇద్దరికీ మధ్య నేనే కూర్చోవాల్సి వచ్చింది. పిన్ని మాటలు కిరోగా పూసకి ఎక్కడం లేదు. "బాటమ్ పాడైపోయింది" అంటే ఆయనకి ఏం వినపడిందో గానీ తన కుర్చీ కింద చూసుకున్నాడు.

"పెద్దాయన్ని కంగారు పడద్దని చెప్పు. నాలుగోది వదిలేయండి. ముందు ఐదోది కాపాడాలి," అంది పిన్ని. "మూలల్లో నల్లది తోడేయండి, ఒక్క చుక్క మిగల్చకుండా. లైట్లు సగం చేయండి. నాచు మరీ ముదిరిపోయింది, దానికి తిండి తగ్గాలి. చక్రం జోరుగా తిప్పండి. తర్వాత బెల్లం పులియబెట్టి చల్లండి."

"ఇక్కడ బెల్లం లేదు పిన్నీ."

"పంచదారుంటది కదా?"

పులిసిన తీపిలో మంచి క్రిములు పెరుగుతాయి. అవి చెరువులో మిగిలిన కుళ్ళునీ, దాని విషాన్నీ తినేస్తాయి. మా చెరువుల్లో పిన్ని ఏటా చేసేదే. కిరోగా ఇదంతా రాసుకున్నాడు. ఆయన రాసుకుంటుంటే ఏడో తరగతిలో పెట్టుకున్న ఒట్టు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది.

లెక్క వేస్తే రెండు వందల అరవై కిలోల పంచదార కావాలి. స్టోరులో ఉన్నది మూడు వందలు. 35వ రోజు ఓడ మనుషులకే, సరుకు ఓడ వచ్చేది వచ్చే సెమిస్టరులో. చక్రాలు జోరుగా తిరగాలంటే హాస్టళ్ళ వేడి ఆపాలి. ఈ రెండూ విద్యార్థులు ఒప్పుకోవాలని కౌన్సిల్ అంది.

రాత్రి భోజనాల వేళ మెస్‌లో నన్ను బల్ల ఎక్కించారు. నాలుగు వందల మంది. తెలుగులోనే చెప్పాను, ఎవరి చెవిలో వాళ్ళ భాషలో వినపడుతుంది కదా. మూలల్లో ఏముందో చెప్పాను. చేస్తే పని చేస్తుందని నేను నమ్ముతున్నానని, హామీ మాత్రం ఇవ్వలేనని చెప్పాను.

"ఎన్నాళ్ళు పంచదార ఉండదు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"సెమిస్టరు అయ్యేదాకా. గదులు కూడా చల్లగా ఉంటాయి, పది డిగ్రీలు."

సారా ముందు చెయ్యెత్తింది. తర్వాత జాబితాలో లేని మూడో సంవత్సరం వాళ్ళ బల్ల మొత్తం ఎత్తింది. వాళ్ళకి ఇందులో ఒరిగేదేమీ లేదు, వాళ్ళెక్కడికీ వెళ్ళక్కర్లేదు. అయినా ఎత్తారు. తర్వాత లెక్కపెట్టడం మానేశారు.

28వ రోజు

రెండు రోజులుగా మూడు షిఫ్టుల్లో పని. ఈసారి అందరం నీళ్ళలోనే. కాళ్ళకి మందుసబ్బు, ఒంటికి రెండు స్వెట్టర్లు, చేతుల్లో పీల్చే గొట్టాలు. నేను ముందు దిగి పాదాలతో తడిమి ఎక్కడ మెత్తగా ఉందో చెబుతాను, వెనకాల గొట్టాలవాళ్ళు వస్తారు. ఐదో చెరువు నుంచే నూట నలభై బకెట్ల నల్లటి జిగురు తీశాం. ఇక్కడ బకెట్టు బరువుండదు గానీ, తొందరపడితే అందులోది ఎగిరి మొహాన పడుతుంది. అందరి మొహాలూ ఒకేలా ఉన్నాయి.

పులియబెట్టడానికి మంచి క్రిములు కావాలి. ఒకటో చెరువు నీళ్ళు ఆరోగ్యంగా ఉన్నాయి, అవి తీసుకున్నాం. చాలవని పిన్ని అంది. పెరుగు కలిపితే త్వరగా అందుకుంటుందట. నేను సారా వైపు చూడలేదు. సారా లేచి గదికి వెళ్ళి సీసా తెచ్చింది.

"కొంచెం ఉంచుకో," అన్నాను.

"ఒక చెంచా ఉంచుకున్నాను. తోడుకి చెంచా చాలు," అంటూ మిగిలింది డ్రమ్ములో వంచేసింది.

ఫార్మసీ పిల్లలు డ్రమ్ముల వేడి చూసుకుంటున్నారు. హాస్టళ్ళలో పది డిగ్రీలు, డ్రమ్ములకి మాత్రం ముప్ఫై రెండు. కొంతమంది డ్రమ్ముల పక్కనే పుస్తకాలు తెచ్చుకుని చదువుకుంటున్నారు.

30వ రోజు

నిన్న మొదటి విడత చల్లాం. ఈ పొద్దున ఐదో చెరువు మూలన కొలిచాను. నిన్న 2.2 ఉన్నది 1.6కి దిగింది.

గట్టు మీద అందరూ ఆ అంకె చూశారు. కౌన్సిల్ నుంచి వచ్చినావిడ కిరోగాని పక్కకి పిలిచి మాట్లాడింది. ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"రెండో విడత ఆపేయమంటున్నారు. ఇంకా దిగితే ఈ చెరువు కూడా పోతుంది. మీ పిన్నిగారిని అడగండి."

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. అప్పుడు గుర్తొచ్చింది, ఈ రోజు అక్కడ పట్టుబడి, చెరువుల్లో రొయ్యలు పట్టే రోజు. వలలు, ఐసు, లారీలు. పట్టుబడి రోజున పిన్ని ఫోన్ ఇంట్లో వదిలేసి పొద్దున్న నుంచి సాయంత్రం దాకా గట్టు మీదే ఉంటుంది. రెండో విడత మధ్యాహ్నంలోపు చల్లకపోతే డ్రమ్ములు పాడైపోతాయి.

"ఆవిడ దొరకదు," అన్నాను.

"అయితే మీరు చెప్పండి," అన్నాడు కిరోగా.

నీళ్ళలో దిగాను. మూలకి వెళ్ళి కళ్ళు మూసుకుని అడుగున చెయ్యి పెట్టాను. నాలుగు రోజుల కిందట మోచేతి దాకా దిగిన చెయ్యి ఈసారి మణికట్టు దగ్గర ఆగింది. పిడికెడు తీసి వాసన చూశాను. కుళ్ళిన గుడ్డు వాసన లేదు. పుల్లగా ఉంది, రెండో రోజు ఇడ్లీ పిండిలా. రంగు నలుపు కాదు, మట్టిరంగు. క్రిములు పని మొదలుపెట్టాయి. పని చేసేవాళ్ళకి గాలి కావాలి కదా, అందుకే అంకె దిగింది.

చిన్నప్పుడు పిన్ని నా ముక్కు దగ్గర మట్టి పెట్టి, ఇది మంచిదా చెడ్డదా చెప్పు అని అడిగేది. నేను మొహం తిప్పుకునేదాన్ని. కానీ ప్రతిసారీ చెప్పేదాన్ని. ఒక్కసారీ తప్పలేదు.

"ఆపొద్దు సార్," అన్నాను. "రెండో విడత చల్లుదాం. చక్రం ఇంకా పెంచుదాం, మూలల్లో చేతి పంపులు పెట్టి గాలి కొడదాం. రేపటికి ఎక్కుతుంది."

"ఖచ్చితంగా?"

"ఖచ్చితంగా."

ఆయన కౌన్సిల్ ఆవిడ వైపు తిరిగాడు. "ఈ చెరువులు నావి. బాధ్యత నాది. చల్లుతున్నాం," అన్నాడు. స్వెట్టరు విప్పి, ప్యాంటు మడిచి, మొదటి చేతి పంపు దగ్గరికి ఆయనే దిగాడు.

గంటకి ఇరవై మంది చొప్పున పంపులు కొట్టాం. ఆయాసపడే పని చేయకూడదన్న ప్రకటన ఇంకా గోడ మీదే ఉంది. దాని ముందు నుంచే వచ్చి పంపు అందుకున్నారు.

31వ రోజు

పొద్దున 2.9.

సారా కాగితం మీద రాయబోయి, మీటరు తన చేతిలోకి తీసుకుని ఇంకోసారి ముంచి చూసింది. 2.9. రెండో మూలన 3.1. నా భుజం పట్టుకుని గట్టు మీద కూర్చుండిపోయింది.

పిన్ని ఫోన్ చేసింది. నిన్నటివి పదకొండు మిస్డ్ కాల్స్ చూసి హడలిపోయినట్టుంది. అంతా చెప్పాను. మూడు సెకన్లు. తర్వాత ఇంకో మూడు.

"వాసన చూసి చెప్పేవా?"

"చూసి చెప్పాను."

"నేనైతే మీటరు పట్టుకుని ఇంకో పూట ఆగేదాన్ని," అంది. తర్వాత, "పట్టుబడి బాగొచ్చిందే. నీ సంగతి కూడా బాగొచ్చింది," అంది.

33వ రోజు

ఐదో చెరువు మూలన 5.8. ఆరో చెరువులో 6.4. తెర మీద ఐదు అంకెలు పచ్చగా ఉన్నాయి.

కడిగి ఉంచిన నాలుగో చెరువులో మధ్యాహ్నం కొత్త నీళ్ళు నింపి, ఒకటో చెరువు నుంచి పచ్చటి నీళ్ళు తోడిపోశాం. ఊరంతా వచ్చింది. మొదటి బకెట్టు నా చేతికి ఇచ్చారు. వంచితే ఆ పచ్చదనం తొందర లేకుండా జారి, తెల్లటి నీళ్ళలో మేఘంలా విచ్చుకుంది. చిన్నపిల్లలు గట్టు మీద పడుకుని చూశారు.

కౌన్సిల్ సాయంత్రం ప్రకటన మార్చింది. 35వ రోజు జాబితా రద్దు. పరుగు హాలు రేపటి నుంచి తెరుస్తారు. కొలిచే పరికరాలు ప్రతి మూలకీ పెడతారు. చెరువుల డ్యూటీలో ఉన్న ప్రతి విద్యార్థీ నీళ్ళలో దిగడం నేర్చుకోవాలి, నేర్పేది తిరుమాని అలివేణి. ఇంజనీరింగు మానను గానీ, సాయంత్రాలు చెరువుల దగ్గరే అని కిరోగాతో చెప్పాను. ఆయన తల ఊపి, సరైన మీటరు ఒకటి నా పేర రాసి ఇచ్చాడు.

35వ రోజు

ఓడ పదింటికి దిగింది. రెండో సంవత్సరం అందరం రేవు కిటికీ దగ్గర చేరాం. ఎవరూ రమ్మనలేదు, అందరం వచ్చాం. గదులింకా చల్లగానే ఉన్నాయి, అందరి ఒంటి మీదా రెండేసి స్వెట్టర్లు.

ఓడ కెప్టెన్ జాబితా పట్టుకుని కిరోగా దగ్గరికి వచ్చింది. రద్దు సంగతి దారిలో ఆమెకి అందినట్టు లేదు.

"రెండు వందల పన్నెండు మందిని ఎక్కించాలి. ఎక్కడున్నారు?"

కిరోగా కిటికీ వైపు చూపించాడు. "అదుగో, వాళ్ళే. ఎవరూ రారు. పదకొండింటికి వాళ్ళకి క్లాసుంది."

ఆమె మమ్మల్ని చూసింది, జాబితా చూసింది, దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. తలుపులు మూసుకున్నాయి. దుమ్ము రేగింది. రెండు వందల పన్నెండు ఖాళీ సీట్లతో ఓడ పైకి లేచింది. ఇటు కిటికీ వెనకాల మా అరుపులకి అనువాదం పూసలు ఏ భాష ఎంచుకోవాలో తెలియక మూగబోయాయి.